తౌస్ తలుపు వేసిన మధ్యాహ్నం

నా తోడికోడలు తౌస్‌కి మతి చెడిందని మా ఊళ్ళో మొదట అన్నది నేనే. తర్వాత అందరూ అన్నారు కాబట్టి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. నాకు గుర్తుంది.

ఆ ఏడు మే నెలలో ఆమె తన ఇంటి గోడనానుకుని ఉన్న రెండు పైన్ చెట్లూ కొట్టించేసింది. అవి మామూలు చెట్లు కావు. ఆమె భర్త అక్లి, అంటే నా మరిది, పుట్టినప్పుడు మా మామగారు నాటినవి. అక్లి పోయి అప్పటికి మూడేళ్ళు. మనిషి ఎటూ లేడు, ఉన్న చెట్లయినా ఉంచుకోక ఇదేం పని అని నా భర్త మొక్రాన్ మండిపడ్డాడు. రంపం చప్పుడు వినగానే చెప్పులు కూడా వేసుకోకుండా పైకి పరిగెత్తాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"అమ్మాయ్, నా తమ్ముణ్ణి రెండోసారి పాతిపెడుతున్నావా?" అన్నాడు.

తౌస్ కొమ్మలు లాగుతోంది. తలకి గుడ్డ బిగించి కట్టుకుంది. "బావగారూ, ఈ చెట్టు కాలితే మంట ఎంత ఎత్తు లేస్తుందో మీ తమ్ముడే నాకు చెప్పాడు. ఇంటి కప్పుకి రెట్టింపు. కొట్టమన్నదీ ఆయనే. బతికుండగా నాకే మనసొప్పలేదు" అంది.

అక్లి ఇరవై రెండేళ్ళు తిజి ఉజు పట్నంలో ఫైరింజన్ మీద పనిచేశాడు. పొగ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై పోయాడు. ఇంటికొచ్చిన ప్రతిసారీ భార్యకి నిప్పు గురించి పాఠాలు చెప్పేవాడు. పిల్లలు లేని ఇల్లు, మాట్లాడుకోవడానికి ఇంకేముంటుంది అని మేము నవ్వుకునేవాళ్ళం. ఆయన పోయాక ఆ పాఠాలన్నీ ఆమె ఒక్కొక్కటే అమలు చేయడం మొదలుపెట్టింది. ఇంటి చుట్టూ ముప్పై అంగల మేర గడ్డిపరక లేకుండా గీకింది. కట్టెల మోపులన్నీ దూరంగా మోయించింది. గ్యాస్ బండలు పొలం గట్టున గొయ్యి తవ్వి అందులో పెట్టింది. వంట చేసుకోవాలంటే రోజూ అక్కడిదాకా నడిచి బండ తెచ్చుకునేది. కిటికీలకి ఇనుప రెక్కలు పెట్టించింది. నైలాను దుప్పట్లు, తెరలు అన్నీ పంచిపెట్టేసి పాత ఉన్ని దుప్పట్లు పోగేసింది. వారానికోసారి నిచ్చెన వేసుకుని పైకెక్కి పెంకుల సందుల్లో ఆకులు ఊడ్చేది. యాభై దాటిన ఆడది కప్పు మీద కూచుని ఉంటే కింద నడిచేవాళ్ళు ఊరుకుంటారా?

"తౌస్, పెళ్ళికొడుకు ఏ దారిన వస్తాడని చూస్తున్నావే?" అని అరిచేవాళ్ళు.

"నది దారిన. ఎర్రగా ఉంటాడు. మీ ఇంటికే ముందు వస్తాడు, వాకిలి ఊడ్చి ఉంచండి" అనేది ఆమె.

అందరికంటే ఎక్కువ నవ్వించేవాడు మొక్రానే. ఆయన బడిపిల్లల బస్సు నడిపి రిటైరయ్యాడు. పాత వ్యాను ఒకటి, ఇరవై తేనెపెట్టెలు, నోటినిండా ఎకసెక్కాలు. అదీ ఆయన ఆస్తి. తౌస్ ఇంటికి భోజనానికి వెళ్తే గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయ్, మిరపకాయ తిని వచ్చాను, లోపలికి రావచ్చా, ఇల్లు అంటుకోదు కదా?" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే గోధుమరవ్వతో వండిన కుస్కుస్ గిన్నె ఆయన ముందు పెట్టి, "మీ తేనెపెట్టెల కింద ఎండుగడ్డి ఎప్పుడు కోస్తారు?" అని అడిగేది.

ఒక్క తన ఇల్లు బాగుంటే చాలనుకునే మనిషి అయితే నేనింత చెప్పను. శ్మశానం పక్క నుంచి నదిదాకా దిగే వాలు అంతా ముళ్ళపొదలు మనిషెత్తు పెరిగిపోయాయి. వెనకట ఆ వాలులో మేకలు మేసేవి. ఇప్పుడు మందలూ లేవు, కాపరులూ లేరు. ఊరంతా కలిసి ఒక వారం పనిచేస్తే శుభ్రమైపోతుందని ఆమె ఊరి సభకి అర్జీ పెట్టింది. సభ పెద్ద అరెజ్కి మంచివాడే. పండగ వెళ్ళాక చూద్దాం అన్నాడు. పండగ వెళ్ళాక, ఎండలు ముదిరాయి, వర్షాలు పడ్డాక చూద్దాం అన్నాడు. అది మునిసిపాలిటీ పని కదా, మనమెందుకు నడుము విరగ్గొట్టుకోవాలి అని మొక్రాన్ సభలో లేచి అన్నాడు. ఆ మాటకి చప్పట్లు కూడా కొట్టారు.

సరే అని ఆమె మునిసిపాలిటీ ఆఫీసుకే బయల్దేరింది. తోడు రమ్మంటే వెళ్ళాను. బల్ల వెనక ఒక గుమస్తా కూర్చుని ఉన్నాడు, చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. బుల్‌డోజరు ఒక్కటే ఉందనీ, అది పక్క కొండ మీద ఉందనీ చెప్పాడు.

"మీ ఊరు లిస్టులో ఉందమ్మా."

"ఎన్నో నంబరు నాయనా?"

"లిస్టులో ఉంది అన్నానా!"

"నిప్పుకి కూడా ఆ లిస్టు ఒక కాపీ ఇచ్చారా? వరసలో రావాలని దానికి తెలియాలి కదా" అంది తౌస్.

గుమస్తా నవ్వాడు. నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీలోంచి చూస్తూ కూచుంది.

ఆగస్టులో ఎడారి గాలి మొదలైంది. మూడు రోజులు ఆగకుండా వీచింది. గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది. నాలుగో రోజు పొద్దున ఎదుటి కొండ వెనక నుంచి పొగ లేచింది. మొదట ఒక చోట. రొట్టె కాల్చి దించేలోపల మూడు చోట్ల. పది గంటలయ్యేసరికి ఆకాశం ఏ వైపు చూసినా బూడిదరంగే.

తౌస్ ఫైర్ ఆఫీసుకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. అవతలివాడు అక్లి కింద పనిచేసిన మనిషే, గొంతు గుర్తుపట్టాడు.

"వదినా, మీకు అబద్ధం చెప్పను. ఇవాళ నలభై ఊళ్ళు ఒకేసారి పిలుస్తున్నాయి. నా చేతిలో ఉన్నవి ఆరు ఇంజన్లు. మీ కొండకి ఏదీ రాదు. అన్న చెప్పినవన్నీ గుర్తున్నాయా? అవి చెయ్యండి." "క్షమించండి వదినా" అని పెట్టేశాడు.

ఆమె ఫోన్ దించి తిన్నగా అరెజ్కి దగ్గరికి వెళ్ళింది. "కార్లున్నవాళ్ళందరూ ఇప్పుడే, పై రోడ్డున, వెళ్ళిపోవాలి. సామాన్లు వద్దు. పొగ నది దాటిందంటే మాత్రం ఒక్కరు కూడా రోడ్డెక్కకూడదు. దాటాక మిగిలినవాళ్ళు మా ఇంటికి రండి" అంది. ఆ రోజు ఆమెని ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. మసీదు మైకులో అరెజ్కి అదే చెప్పాడు. గంట తర్వాత మునిసిపాలిటీ నుంచి కూడా ఫోన్ వచ్చింది, ఊరు ఖాళీ చెయ్యమని. అప్పటికే సగం ఊరు వెళ్ళిపోయింది.

కార్లు లేనివాళ్ళని మొక్రాన్ తన వ్యానులో ఎక్కించుకున్నాడు. మొదటి విడత పదకొండు మంది. పై ఊరిలో దించి వచ్చి రెండో విడత తొమ్మిది మంది. నన్నూ మా అమ్మాయి దిహియానీ ఆ విడతలోనే ఎక్కమన్నాడు. మా బదులు పక్కింటి బాలింతనీ, ఆమె అత్తనీ ఎక్కించాం. మూడో విడతకి మేమూ, మిగిలినవాళ్ళూ వెళ్ళాలి. ఆయన తిరిగొచ్చేసరికి మొహం నల్లగా ఉంది, కనుబొమ్మలు కాలిపోయాయి. "పై రోడ్డు అయిపోయింది. నా వెనకే మూసుకుపోయింది" అన్నాడు. వ్యాను వెనక అద్దం పగిలి ఉంది.

అప్పుడు మేం మిగిలినవాళ్ళం పందొమ్మిది మంది, ఆయనతో కలిపి ఇరవై. అందరం తౌస్ ఇంటికి నడిచాం. లోపల ఆమె అప్పటికే అన్నీ సిద్ధం చేసి ఉంచింది. బానలు, బకెట్లు, చివరికి కుస్కుస్ వండే పెద్ద డేగిసా కూడా నిండా నీళ్ళు. ఉన్ని దుప్పట్లు తడిపి పెట్టింది. పిల్లల్ని గది మధ్యలో నేల మీద పడుకోబెట్టింది. పాలిస్టర్ గౌన్లు వేసుకున్న ఆడవాళ్ళ చేత విప్పించి తన పాత నూలు బట్టలు తొడిగించింది. "సిగ్గు తర్వాత పడుదురు గాని, ఆ గుడ్డ వేడికి కరిగి ఒంటికి అతుక్కుంటుంది" అని కసిరింది.

రెండున్నరకి దిహియా ఫోన్ మోగింది. మొదటి కార్లలో వెళ్ళిన ఒకామె. షాభా అవ్వ మీతో ఉందా అని అడిగింది. షాభా అవ్వకి ఎనభై ఏళ్ళు, ఊట దగ్గర చివరి ఇల్లు ఆమెది. పొద్దున్నే కారెక్కిందని అందరం అనుకున్నాం. ఎక్కిందట. ఎక్కి, మేకని విప్పి వస్తానని దిగిందట. ఇంకో కారులో వచ్చుంటుందని వాళ్ళనుకున్నారు.

మొక్రాన్ తన బుర్నూస్ తియ్యడం చూశాను. మగవాళ్ళు చలికాలంలో కప్పుకునే ఆ మందపాటి ఉన్ని పైవస్త్రం ఆ ఎండలో ఎందుకు తెచ్చుకున్నాడో అని ఇందాకే వెక్కిరించాను. తౌస్ తెమ్మందట. దాన్ని బకెట్లో ముంచి భుజాన వేసుకున్నాడు.

తౌస్ అడ్డం నిలబడింది. "బావగారూ, పొగ నది దాటింది."

"చూశాను."

"వెళ్ళొద్దంటే ఆగుతారా?"

"ఆగను."

ఆమె చేతి గడియారం చూసుకుంది. "అయితే వినండి. పదిహేను నిమిషాలు. అంతకి మించితే పైకి రావొద్దు. ఊట దగ్గర రాతి తొట్టి ఉంది కదా, అందులో దిగి, ఇద్దరూ దీన్ని తల మీద కప్పుకోండి. మంట ముందుకి వెళ్ళేదాకా లేవొద్దు. పదిహేను దాటాక నేను తలుపు తియ్యను బావగారూ. పిల్లలున్నారు."

"నీ పైన్ చెట్ల దగ్గర తిట్టానని పగ పట్టావా?" అని నవ్వాడు. "అవ్వ బరువెంత, తేనెతో నిండిన పెట్టంత ఉంటుంది. పది నిమిషాల్లో వస్తా." నా వైపు తిరిగి, "మల్హా, ఇందాకటి కాఫీ సగం మిగిలింది, పారబొయ్యకు" అన్నాడు. అంతే. నేను కూడా వద్దనలేదు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు గానీ, వద్దనాలని తోచలేదు. షాభా అవ్వ మా పెళ్ళిలో నాకు గోరింట పెట్టిన మనిషి.

పదిహేను నిమిషాలకి తౌస్ తలుపు మూసి గడియ పెట్టింది. కింది సందులో తడిగుడ్డలు కుక్కింది.

తర్వాత ఏం జరిగిందో నాకు వరసగా తెలియదు. పట్టపగలు మూడు గంటలకి గది చీకటైపోయింది. ఆ చీకట్లో కిటికీ రెక్కల సందుల్లోంచి ఎర్రటి గీతలు. చప్పుడు మాత్రం చెప్పగలను. పెద్ద లారీలు వందా రెండొందలు మన మీదుగా వెళ్తున్నట్టు. రెక్కల వెనక అద్దాలు పటపట పగిలాయి. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అరెజ్కి ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మాట మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. తౌస్ చీకట్లో తిరుగుతూ అందరి మీదా నీళ్ళు చల్లుతోంది. "గట్టిగా పీల్చకండి, నేలకి ఆనుకోండి, అయిపోతుంది, పది నిమిషాలు" అంటోంది.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. మూడుసార్లు.

నేను లేచాను. ఎవరి కాలో తొక్కాను. తలుపు దగ్గరికి చేరేసరికి తౌస్ దానికి వీపు ఆనించి నిలబడి ఉంది, ఒక చెయ్యి గడియ మీద.

"తియ్యి. ఆయనే."

"పెంకులక్కా. పెంకులు పేలుతున్నాయి."

"ఆయన కొట్టే తీరు నాకు తెలీదా? ముప్పై ఏళ్ళు విన్నాను! తియ్యవే!"

"తీస్తే ఇల్లంతా పోతుంది అక్కా."

ఆమె జుట్టు పట్టుకుని లాగాను. గడియ మీదున్న చేతిని కొరికాను, నోట్లో రక్తం తగిలింది. ఆమె చెయ్యి తియ్యలేదు. వెనక నుంచి దిహియా వచ్చి నా నడుము చుట్టూ చేతులు వేసి కిందికి లాగింది. నా కడుపున పుట్టిన పిల్ల నా మీద కూర్చుంది. "అమ్మా, అమ్మా" అనడం తప్ప ఇంకేమీ అనడం లేదు.

కొంతసేపటికి చప్పుడు ఇంటి మీదుగా దాటి కొండ పైకి పోయింది. తౌస్ గడియారం చూసింది, తలుపు మీద అరచెయ్యి పెట్టి చూసింది, తీసింది. బయట లోకమంతా బూడిద. "బకెట్లు తీసుకుని అందరూ బయటికి! నిప్పురవ్వలు కప్పు మీదుంటాయి, కళ్ళు మూసుకుంటే ఇప్పుడే పోతుంది ఇల్లు!" అని అరిచింది. అరెజ్కి, దిహియా, అందరూ పరిగెత్తారు. నేను గడప మీద ఆగిపోయాను. తలుపు ముందు ఎవరూ లేరు.

ఆయన ఎనభై అంగల కింద, మలుపు దగ్గర దొరికాడు. షాభా అవ్వ వీపు మీదే ఉంది, బుర్నూస్ మొత్తం ఆమెకే కప్పాడు. తల ఇంటి వైపు. ఇద్దరిలోనూ ప్రాణం లేదు. తొట్టి దగ్గర ఆగలేదు, పైకే వచ్చాడు. ఎందుకు ఆగలేదో చెప్పగలవాళ్ళెవరూ లేరు. పదిహేను నిమిషాలు ఇంకా అయిపోలేదనుకున్నాడేమో. ఆయనకి గడియారం పెట్టుకునే అలవాటు లేదు. మంట తగలకముందే పొగకి స్పృహ పోయి ఉంటుందని డాక్టరు అన్నాడు. ఆ వారం ఆ డాక్టరు చాలామందికి అదే చెప్పాడని తర్వాత విన్నాను.

ఫైరింజన్ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. దిగిన కుర్రాళ్ళు రెండు రోజులుగా నిద్రపోలేదు. ఒకడు పైపు లాగుతూ లాగుతూ మా గోడ పక్కన కూలబడి ఏడ్చాడు. వాడికి నేనే మజ్జిగ ఇచ్చాను. సైనికులు వచ్చారు, వాళ్ళ తోటివాళ్ళు కూడా పక్క లోయలో కాలిపోయారట. ఆ తర్వాత దేశం నలుమూలల నుంచీ లారీలు వచ్చాయి. మా మొహాలు కూడా ఎరగని మనుషులు పరుపులు, మందులు, సంచుల కొద్దీ రొట్టెలు పంపారు. అల్జీర్స్ నుంచి ఒక ముసలాయన తన సొంత కారులో ఒకే ఒక్క పొయ్యి పెట్టుకుని వచ్చి, ఎవరికి కావాలో మీరే చెప్పండి అని నిలబడ్డాడు.

ఆ తర్వాత ఫారాలు వచ్చాయి.

కాలిన ఇళ్ళకి ఒక ఫారం, చెట్లకి ఒకటి, పశువులకి ఒకటి, మనుషులకి ఒకటి. మా ఇంటికి కొత్త కప్పు వేశారు, త్వరగానే వేశారు, అబద్ధమెందుకు. ఆలివ్ మొక్కలు కూడా ఇచ్చారు. మనుషుల ఫారం నింపడానికి ఒక అమ్మాయి వచ్చింది, మర్యాదగానే అడిగింది.

"ఖాళీ చెయ్యమని ఆదేశం వచ్చాక కూడా ఆయన ఊళ్ళో ఎందుకున్నారమ్మా?"

"జనాన్ని దింపి తిరిగొచ్చాడు. రెండుసార్లు. ఇరవై మంది."

ఆ అమ్మాయి కాగితం ఇటూ అటూ తిప్పింది. "అది రాయడానికి ఇందులో గడి లేదమ్మా. ఇంట్లో ఉండగానా, దారిలోనా, అంతే ఉంది."

"దారిలో" అన్నాను.

గవర్నరు ఆఫీసు నుంచి కూడా మనుషులు వచ్చారు. పందొమ్మిది ప్రాణాలు కాపాడిన ఇల్లాలికి సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీసుకోవాలట. తౌస్ చేతికి ఇంకా కట్టు ఉంది, నా పళ్ళ గాటు మీద. ఆమె సర్టిఫికెట్ తీసుకోలేదు. "మా ఊరు లిస్టులో ఎన్నో నంబరో ఇప్పుడైనా చెప్తారా?" అని అడిగింది.

సంతాపం నలభై రోజులూ గడిచాయి. చలికాలం వచ్చింది. నేను ఆమెతో మాట్లాడలేదు. ఎనభై అంగలు అన్నది నాకూ తెలుసు, నేనే నడిచి లెక్కపెట్టాను, ఎన్నిసార్లో. ఆయన ఆ తలుపు దాకా రాలేదు. కొట్టలేదు. తెలిసినంత మాత్రాన చెవులు వింటాయా? కూర తరుగుతున్నా ఆ మూడు దెబ్బలే. తౌస్ నా వాకిట్లో రొట్టెలు పెట్టి వెళ్ళేది. పిల్లులకి వేసేదాన్ని. దారిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగేదాన్ని. దిహియా మాత్రం పిన్ని ఇంటికి వెళ్తూనే ఉంది.

"నాన్న చెయ్యి ఎనభై అంగల పొడుగుందా అమ్మా? పిన్ని ఏం చేసింది?" అని ఒకరోజు గట్టిగా అడిగింది.

"నువ్వు నా మీద కూర్చున్నావు" అన్నాను. ఆ పిల్ల మొహం చూసి, ఆ మాట అన్నందుకు నా నాలుక తెగిపడితే బాగుండుననిపించింది.

మార్చిలో ఊరి సభ కూడింది. ఈసారి ఎవరూ పండగల ఊసెత్తలేదు. వాలు మీద మళ్ళీ చిగురు వేస్తోంది, కాలిన మొదళ్ళలోంచి ముళ్ళపొద అన్నిటికంటే ముందు లేస్తుంది. ఇంటికొకరు చొప్పున రావాలని తీర్మానించారు. మగవాళ్ళే కాదు, ఎవరైనా సరే. మా ఇంటి తరఫున వెళ్ళాల్సినవాడు లేడు. దిహియా కాలేజీకి వెళ్ళిపోయింది. కొడవలి తీసుకుని నేనే వెళ్ళాను.

పనికి వరసలు వేసేది తౌసే. నన్ను ఎక్కడో దూరంగా వేస్తుందనుకున్నాను. తన పక్క వరసలోనే వేసింది. మూడు రోజులు పక్కపక్కనే కోశాం. పొదలు నరికే చప్పుడు తప్ప ఇంకో మాట లేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నాలకి అందరూ నీడకి వెళ్ళారు. నేను కాళ్ళు లాగి బండ మీద కూచున్నాను. తౌస్ వచ్చి కొంచెం ఎడంగా కూచుంది. చేతి మీద మచ్చ తెల్లగా, నెలవంకలాగా ఉంది.

"అక్కా" అంది. "అవి పెంకులు కావు."

నేను తల తిప్పలేదు.

"నేనూ విన్నాను. మూడుసార్లు. నీకంటే ముందే విన్నాను. బావగారే అనుకున్నాను."

"మరి నాతో పెంకులన్నావు."

"అన్నాను. బావగారే అనుకుని, గడియ పట్టుకున్నాను." ఆమె గొంతు వణకలేదు, అందుకే నాకు భయం వేసింది. "ఊరంతా నాకు ఒకటే చెప్తుంది. నీ తప్పేం లేదు తౌస్, ఆయన ఎనభై అంగల దూరంలో ఉన్నాడు, ఎనభై అంగలు. ఆ ముక్క నాకు తర్వాత తెలిసింది కదక్కా. తలుపు వేసి పట్టుకున్నప్పుడు నాకు తెలీదు. నా మటుకు నాకు ఆయన ఆ చెక్కకి అవతలే ఉన్నాడు. కొడుతున్నాడు. నేను తియ్యలేదు. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?"

నాకు ముందు ఒళ్ళు మండింది. ఆ కొడవలి ఎక్కడుందో కూడా చూశాను, దేవుడు సాక్షి. ఆ మంట ఎంతసేపు ఉందో గానీ, అది తగ్గాక అడుగున ఇంకోటి కనిపించింది. ఏడు నెలలుగా ఆ మూడు దెబ్బలు వింటున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. అందరూ నాకు జాలిగా సర్దిచెప్పారు, నీకలా అనిపించింది మల్హా, పెంకులవి అని. ఈ లోకంలో ఆ చప్పుడు విన్న మనిషి ఇంకొకరు ఉన్నారు. ఆమె నా పక్కన కూచుని ఉంది.

"గడియ నా చేతిలో ఉంటే తీసేదాన్ని" అన్నాను.

"తెలుసు."

"తీసి, పిల్లలందర్నీ చంపేదాన్ని. దిహియాతో సహా."

ఆమె కొడవలికి అంటిన మసి గడ్డితో తుడిచింది.

నేను క్షమించానని చెప్పలేదు. ఆ మాట నోటికి రాలేదు, ఇప్పటికీ రాలేదు. ఏం క్షమించాలో కూడా నాకు తెలియదు. ఆయన లేడు, అది అలాగే ఉంది. నా మూటలో రొట్టె, నూనె, నాలుగు ఎండు అంజూరాలు ఉన్నాయి. రొట్టె విరిచి సగం ఆమె ఒళ్ళో పెట్టాను. ఆమె దాన్ని తినడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో ముక్కా నమిలి మింగుతూ నది వైపు చూస్తూ కూచుంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నేను కూడా ఆయన పోయాక మొదటిసారి చప్పుడు చేసి ఏడ్చాను. కింద నీడలో అరెజ్కి లేచి చూసి, మళ్ళీ కూచున్నాడు.

ఆ సాయంత్రం దాకా కోశాం. నల్లటి మొదళ్ళ మసితో మా ఇద్దరి చేతులూ మోచేతులదాకా ఒకే రంగుకి తిరిగాయి. దిగేటప్పుడు తెలియలేదు గానీ, ఎక్కేటప్పుడు నా మోకాళ్ళు మొరాయించాయి. తౌస్ వెనక్కి వచ్చి నా కొడవలి కూడా తీసుకుంది. మా ఇంటి సందు దాకా కలిసి నడిచాం.

"రేపు ఎన్నింటికి?" అని అడిగాను.

"ఆరింటికక్కా. ఎండెక్కకముందే" అంది.